దీపం ఆర్పడానికి పోయిన ప్రయాణం

తిరిగి వచ్చి నెలలు గడిచినా నాకు ఇంకా ఒళ్లు బడలిక తీరలేదు. బడిలో నల్లబల్ల మీద తామరపువ్వు వేస్తూ వేస్తూ మధ్యలో ఆవలిస్తున్నాను, పిల్లలు నవ్వుతున్నారు. "పాలమూరు పోయొచ్చినప్పటి నుంచి డ్రాయింగు మాస్టారు ఇంతే" అని హెడ్మాస్టరు గారు నలుగురిలో అన్నారు కూడా. నేను కాదనలేదు.

మా కర్నూలులో తుంగభద్ర దాటని వాళ్లు చాలామంది. ఏరు దాటితే నైజాం రాజ్యం, వేరే రూపాయి, వేరే మాట. గద్వాల ఎట్లా ఉంది, వనపర్తిలో ఏం తిన్నారు, నాగర్‌కర్నూల్లో ఎండ ఎంత అని దారిలో ఆపి అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ చెప్పే ఓపిక లేక ఒక్కసారే రాస్తున్నాను. రైళ్ల వేళలు, బస్సుల వేళలు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా చిక్కలేదు.

అసలు ఈ ప్రయాణం నాది కాదు, మా మామది. నా భార్య మాధవి తండ్రి. పేరు చాత్తుకుట్టి, పుట్టింది మలబారులో. వాళ్ల ఇంట్లో తరతరాలుగా సాము నేర్పేవారు. కర్ర, కత్తి, ఒట్టి చేతులు, మూడూ తండ్రి దగ్గర నేర్చుకుని, మద్రాసు పోయి ఇంజనీరింగు చదివి, గద్వాల దగ్గర కృష్ణ మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో పనికి వచ్చాడు. వంతెన కట్టినవాళ్లంతా సర్దుకుని పోయారు. ఈయన మాత్రం నేతగాళ్ల వీధిలో ఒకమ్మాయిని పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. ఆ తర్వాత చెరువు కట్టల పనుల మీద వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు తిరిగాడు. భార్య పోయాక ఆరేళ్ల కూతురిని చంకనేసుకుని కర్నూలు వచ్చి కాలువ పనుల్లో చేరాడు. మళ్లీ ఏరు దాటలేదు.

ఇప్పుడు ఎందుకు దాటాలి? అది చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మలబారులో సాము చేసేవాళ్లు నేలలో మనిషి నిలువు లోతున పొడుగాటి గుంట తవ్వుతారు. దాన్ని కళరి అంటారు. ఒక మూల ఏడు మెట్ల గద్దె కట్టి దీపం పెడతారు. వెలిగించిన దీపం రోజూ వెలగాలి. చోటు విడిచి పోయే గురువు ఆ దీపాన్ని శిష్యుడి చేతిలోనైనా పెట్టాలి, లేదా తన చేత్తో ఆర్పి, నాలుగు మూలల మట్టి తీసి గుంటలో పోసి మూసేయాలి. మూశాక అందులో ఎవరూ కాలు పెట్టకూడదు. నాగర్‌కర్నూల్ అవతల ఒక ఊళ్లో చెరువు పని చేయిస్తున్నప్పుడు మామ అట్లాంటి గుంట తవ్వించుకున్నాడు. ఒకనాటి ఉదయం సాము మధ్యలో గద్వాల నుంచి మనిషి వచ్చాడు, భార్యకు కాన్పు కష్టమైందని. దీపం వెలుగుతుండగానే పరుగెత్తాడు. చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

మాధవికి మొదటి బిడ్డ పుట్టిన పూటే పోయింది. రెండోది నెలలు నిండకుండానే పోయింది. మూడోసారి ఏడో నెల రాగానే మామ అన్నం మానేసి కూర్చున్నాడు. దిక్కులేకుండా ఆరిన దీపం తన ఇంటి పిల్లల్ని తీసుకుపోతోందని, పోయి సరిగ్గా ఆర్పి మూసి వస్తేనే ఈ బిడ్డ బతుకుతుందని ఆయన పట్టు. నాకు ఇట్లాంటివి నమ్మకం లేదు. కానీ రెండుసార్లు చిన్న గుడ్డమూట చేతుల్లో పెట్టుకుని ఏటి ఒడ్డుకు నడిచినవాణ్ని. వద్దు అనే ధైర్యం చాలలేదు. మాధవిని మా అమ్మకు అప్పగించి, వేసవి సెలవులు ఇవ్వగానే ఆయన వెంట బయలుదేరాను.

ఏరు దాటగానే

యుద్ధం రోజులు కదా, రైల్లో కాలు పెట్టే చోటు లేదు. నేను ఒకరి బియ్యం మూట మీద, మామ తన పెట్టె మీద. ఏరు దాటాక సుంకం జవాను ఎక్కి మా పెట్టె తెరిపించాడు. కంచు దీపపు సెమ్మె, నువ్వుల నూనె సీసా, ఒక కర్ర, పిడి లేని పార.

"ఏందివన్ని? అమ్మెటందుకు తెస్తున్నరా?"

కూతురి ఇంటికి పోతున్నామంటే సరిపోయేది. మామకు అబద్ధం చేతకాదు. ఆడడని కాదు, నోరు తిరగదు. "దీపం ఆర్పెటందుకు పోతున్న" అన్నాడు. ఆయన తెలుగు గద్వాలలో భార్య దగ్గర నేర్చుకున్నది.

జవాను నా వైపు చూశాడు. "దీపం ఆర్పెటందుకు దీపం తీస్కపోతుండా?"

చివరిసారి వెలిగించి ఆర్పాలట, పాత దీపం ఉందో లేదో తెలియదట అని నేను నీళ్లు నమిలాను. డబ్బాలో ఉన్నవాళ్లంతా వింటున్నారు. జవాను సెమ్మెను అటూ ఇటూ తిప్పి చూసి పెట్టెలో పెట్టేశాడు. "పెద్దమనిషిని మంచిగ చూస్కో" అని నా భుజం తట్టి దిగిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మామకు చీమ కుట్టినట్టయినా లేదు.

గద్వాల

గద్వాలలో మా బస మామ భార్యకు అన్న అయిన నర్సప్ప ఇంట్లో. నేతగాళ్ల వీధిలో పొద్దున లేస్తే మగ్గాల చప్పుడే. ఇక్కడ చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కలిపే దగ్గరే పనితనం ఉందని, ఆ అతుకు వేలితో తడిమినా తెలియకూడదని నర్సప్ప చెప్పాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, మాట్లాడుతూనే నేస్తాడు. మామ వైపు మాత్రం చూడడు.

తిండి బాగుంది, కారమే కొంచెం ఎక్కువ. పెనం మీద నుంచి నేరుగా కంచంలో పడే జొన్నరొట్టె, పల్లీల చట్నీ, గట్టి పెరుగు. నర్సప్ప భార్య "ఇంకొకటి ఏస్త" అంటుంది, వేసేస్తుంది, వద్దనే వ్యవధి ఇవ్వదు. మా వైపు అల్లుడికి వడ్డించేటప్పుడు అత్తలు తలుపు చాటున ఉంటారు. ఇక్కడ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతూ తినిపించారు. దుకాణాల్లో మన రూపాయి చెల్లదు, నైజాం వారి హాలీ సిక్కాలోకి మార్చుకోవాలి. మార్చిన ప్రతిసారీ నేనే మోసపోయానని అనిపించేది.

రెండో పూట నర్సప్ప నోరు విప్పాడు.

"ఇప్పుడు గుర్తొచ్చెనా బావా, దీపం?"

మామ చేతిలోని రొట్టె కంచంలో పెట్టేశాడు.

"మేము గుంటల కూసుంటెనే మా కడుపు నిండుతది. నీవు గుంటల దిగితివి, నా చెల్లె పాయె. నీవు ఆడ కత్తి తిప్పుకుంట ఉంటివి. ఈడ ఆమె రెండు పొద్దులు నీ పేరే తల్సె."

నర్సప్ప భార్య మధ్యలో పడి "ఊకో, పెద్దమనిషిని గట్ల అంటరా" అంది. మామ మాత్రం తల వంచుకుని "అననీ. ఆయన అనకుంటె ఎవరంటరు" అన్నాడు. ఆ మాటతో నర్సప్ప కూడా మెత్తబడ్డాడు. మేము బయలుదేరేటప్పుడు లోపలికి పోయి ఒక చీర తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర అంచు.

"అల్లుడా, మాధవికి. ఇప్పుడే ఇయ్యకు. బిడ్డ పుట్టి, ఏడ్సి, పాలు తాగినంక ఇయ్యి. అందాక మడత ఇప్పకు."

ఆ చీరను పెట్టె అడుగున పెట్టాను. ప్రయాణంలో అన్నిటికంటే బరువు అదే అనిపించింది.

కృష్ణ మీద

గద్వాల దాటాక కృష్ణ. వేసవి కాబట్టి నీరు ఒక పాయగా పోతోంది, మిగతాదంతా ఇసుక, బండలు. వంతెన మీద బండి నెమ్మదించింది. జనం కిటికీల్లోంచి పైసలు విసిరి దండం పెట్టారు. మామ పెట్టలేదు. కిందికి స్తంభాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాతి స్తంభాలు నేల మీద నిలబడినవి కావట. ఒక్కో దాని కింద గుండ్రటి కట్టుబడి ఉంటుంది, బావి ఒరలాగా. లోపలి ఇసుక తోడేకొద్దీ అది తన బరువుకు తానే దిగుతుంది. గట్టి బండ తగిలేదాకా దించి, ఆ పైన స్తంభం కడతారు. కూలీలు వాటిని బావులనే అనేవారట. పాలమూరు పల్లెల నుంచి వచ్చిన కూలీలు. మట్టిపనిలో వాళ్లను మించినవాళ్లు లేరని మామ చాలాసార్లు చెప్పాడు.

మా ఎదురుగా కోడిపెట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఇదంతా వింది. "అయితె నీవు బావులు దించెటోనివా నాయినా? మా ఊర్ల ఒకటి దించిపో. నీకు పుణ్యముంటది. ఉప్పునీళ్లు తాగి తాగి పానం పోతున్నది."

"అవి నీళ్ల బావులు కాదమ్మా" అన్నాను నేను.

"నీళ్లు లేని బావి ఎందుకు దించుతరు?" అంది ఆమె.

వనపర్తి

వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడి నుంచి ఊళ్లోకి చేరేసరికి నా ప్రాణం ఉసూరుమంది. సంస్థానం ఊరు కాబట్టి దర్జాగా ఉంటుందనుకున్నాను. దర్జా కోట లోపల ఉందేమో, బయట ఎండా దుమ్మూ. చాయ్ మాత్రం చిక్కగా, తియ్యగా ఉంది. మా వైపు కాఫీ తాగే ఇల్లు పెద్దిల్లు. ఇక్కడ బండివాడూ సాహుకారూ ఒకే బల్ల మీద చాయ్ తాగుతారు.

చాయ్ దుకాణం ముందు జట్కావాడు ఒకడు మామను చూసి చేతిలోని కప్పు వదిలేశాడు. నిజంగా వదిలేశాడు, పగిలింది. "ఉస్తాద్!" అని పరుగెత్తి వచ్చి, వంగి కుడిచేత్తో నేల తాకి నుదుటికి పెట్టుకున్నాడు. పేరు హుస్సేన్. మామ ఇక్కడ చెరువు పనులు చూసే రోజుల్లో కర్రసాము నేర్చుకున్నవాడు.

"ఇప్పుడు మా తాలీంల సాము నేర్చే పిల్లలంత గిట్లనే నేల తాకి లోపల్కి వస్తరు ఉస్తాద్. పీర్ల పండుగ నాడు అలావ మంట ముందల నీవు చెప్పిన అడుగులే ఏస్తరు. మలబారు ఏడున్నదో ఒక్కనికి తెల్వదు, అడుగు మాత్రం తప్పదు."

మామ మొహంలో ఆ ప్రయాణం మొత్తం మీద మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. వెంటనే పోయింది. వచ్చిన పని విన్నాక హుస్సేన్ కూడా తమాషా మానేశాడు. నాగర్‌కర్నూల్ దాకా, ఆ పైన ఊరి దాకా తన జట్కాలోనే తీసుకుపోతానన్నాడు. "దామాద్ సాబ్, పరేషాన్ కావొద్దు. మా గుర్రం ముసల్ది గని మంచి మనసున్నది" అని నాకు ధైర్యం చెప్పాడు.

మంచి మనసున్న గుర్రం బిజినేపల్లి దారిలో గుంట చూసి బెదిరింది. నేను దూకి, కాలు మడతపడి, రాళ్ల మీద పడ్డాను. చీలమండ క్షణంలో గుమ్మడికాయలా ఉబ్బింది. మామ కిందికి దిగి, నా కాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో నెమ్మదిగా తడుముతూ "మాధవికి పులుపు ఇష్టమా, తీపి ఇష్టమా ఈసారి?" అని అడిగాడు. నేను "పులుపే" అనబోతుండగా కాలు పట్టి ఒక్క గుంజు గుంజాడు. నేను పెట్టిన కేకకు పొలంలో మేకలు పరుగెత్తాయి. తర్వాత నొప్పి నిజంగానే తగ్గింది. అయినా నాగర్‌కర్నూల్ దాకా ఆయనతో మాట్లాడలేదు.

నాగర్‌కర్నూల్

ఇక్కడి సత్రంలో నల్లులు నన్ను తినగా మిగిలినదే మర్నాడు సంతకు పోయింది. మామకు క్రతువు కోసం కొబ్బరికాయలు కావాలి. సంతంతా తిరిగితే ఒక్క ముసలాయన దగ్గర నాలుగు దొరికాయి, అవీ ఎండినవి. ధర విని మామ కాయను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మలబారులో పడిన కాయను ఏరుకోవడానికి కూడా బద్ధకిస్తారట. ఇక్కడ దేవుడికి తప్ప కొట్టరు. కొట్టినా వేలెడు ముక్కలు చేసి ఊరంతా పంచుతారు.

పార పిడి కోసం వడ్రంగి దగ్గరికి పోయాం. అతను పిడి చెక్కుతూ "ఎవుసమా అయ్యా?" అని అడిగాడు. "కాదు, ఒక గుంట పూడ్చాలె" అన్నాడు మామ. వడ్రంగి నవ్వాడు. "ఈ దేశంల గుంట తవ్వెటోన్నే చూసిన గని పూడ్చెటోన్ని చూడలే."

ఆ పూట మామ తినలేదు. నేను జొన్న అంబలి తాగి, ఉల్లిగడ్డ కొరుక్కుని, ఆయన మీద విసుక్కున్నాను. మీరు తినకపోతే బిడ్డకు మేలవుతుందా అన్నాను. ఆయన "నాకు భయమైతున్నది అల్లుడూ" అన్నాడు. సాము చేసిన ఒళ్లు, కత్తికి ఎదురు నిలిచిన మనిషి. ఆ మాట ఆయన నోట వింటాననుకోలేదు. నాకూ భయంగానే ఉందని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. సగం అంబలి ఆయన ముందు పెట్టాను. తాగాడు.

పేరు రాయని ఊరు

ఈ ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు చెరువు కట్ట కనిపించింది. హుస్సేన్ "నీ కట్ట ఉస్తాద్, జర చూడు, ఒక్క రాయి కదలలే" అన్నాడు. మామ కట్ట వైపు చూడనే లేదు. దిగి, ఊరి బయట కూలీల వాడ వైపు నడిచాడు. నేను కుంటుతూ వెనక. పార హుస్సేన్ భుజాన. అంతలో మామ ఆగిపోయాడు.

దూరాన ఆడవాళ్లు తలల మీద కుండలతో నేలలోకి దిగుతున్నారు, నేలలోంచి పైకి వస్తున్నారు.

దగ్గరికి పోయాం. మామ చెప్పిన గుంటే. పొడుగూ వెడల్పూ అట్లాగే ఉన్నాయి. కానీ నడిమి భాగాన్ని ఇంకా లోతుకు, చాలా లోతుకు తవ్వేశారు. చుట్టూ రాయి పేర్చి మెట్లు కట్టారు. అడుగున నీళ్లు. అంత ఎండలో, అంత దూరం తిరిగి వచ్చాక, ఆ నీళ్లు చూడగానే నాకు దాహం తప్ప ఇంకేమీ తోచలేదు. మామ మాత్రం గట్టు మీద కూలబడ్డాడు.

కుండ ఎత్తుకుని పైకి వస్తున్న ఒకావిడ ఆయన్ని చూసి కుండ దించేసింది. ముప్పై అయిదేళ్లుంటాయి. "ఓయమ్మా! మలబారు సారు! ఓ అక్కలార, మన బావి సారు ఒచ్చిండే!"

క్షణంలో వాడంతా చేరింది. గొంగడి పరిచి మామను కూర్చోబెట్టారు. ఆవిడ పేరు మాసమ్మ. కొత్త పెళ్లికూతురిగా వంతెన పనిలో తట్టలు మోసిందట. ఆ తర్వాత ఈ చెరువు పనిలోనూ మోసింది. ఈ గుంట తవ్వింది కూడా ఆవిడ మొగుడూ, అతని అన్నదమ్ములే.

"బావి ఎట్ల చేసిండ్రమ్మా దీన్ని?" అని నేనే అడిగాను. మామ ఇంకా నీళ్ల వైపే చూస్తున్నాడు.

"ఎట్లేంది సారూ? సారు పోయినంక మేమంత కూసొని ఆలోచన చేస్తిమి. కిష్ణల బావులు దించిన సారు, మా గుడిసెల పక్కన ఊకెనే గుంట తవ్విపిస్తడా? ఊరి బావి కాడికి మమ్ముల రానియ్యరని సారుకు ఎర్కనే. నీళ్ల జాగ అని చెప్తె దొర ఒప్పుకోడు. గందుకే సాము పేరు పెట్టి మాకు జాగ చూపిచ్చి పోయిండు అనుకుంటిమి. పొద్దంత కూలికి పోయి, ఒచ్చినంక తవ్వితిమి. బండ తగిలె. మావోళ్లు ఇడ్సిపెడ్దమనిరి. నేనే ఒద్దన్న. సారు చూపిచ్చిన జాగ తప్పదు, ఇంకింత పోదం అంటి. ఒచ్చినయి సూడు నీళ్లు!"

మామ నా చెవి దగ్గరికి వంగాడు. "నీళ్ల కోసం తవ్వలే అల్లుడూ. తూర్పు పడమర చూసి గీసిన, అంతే. చెప్పాలె వీళ్లకు."

"చెప్పి?" అన్నాను.

మూస్తే ఇందులో ఎవరూ కాలు పెట్టకూడదు. మూయకపోతే మాధవి. ఆయన చూపు హుస్సేన్ భుజం మీది పార వైపు, మెట్ల మీది కుండల వైపు పోయి వస్తోంది. మాసమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. నేను గటగటా తాగాను. మామ చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడే ఊళ్లోంచి పట్వారి వచ్చాడు. ఇంజనీరు వచ్చాడనే కబురు అంతలోనే చేరిపోయింది. ఆయన దూరాన నిలబడే మాట్లాడాడు, గట్టు దాకా రాలేదు.

"ఇంజనీరు సాబ్, మంచిగయింది మీరొచ్చింది. ఈ జాగల దొర మామిడి తోట పెడ్తమంటున్నరు. వీళ్లేమో ఇన్నేండ్ల సంది ఇంజనీరు చూపిచ్చిన బావి అంటరు. ఆ మాట మీదనే దొర ఊకున్నరు. కొందరు మాత్రం మీరు సాము చేసుకునెటందుకు తవ్విపిచ్చిన్రని అంటరు. ఒక్క మాట చెప్పుండ్రి. మీరు తవ్విపిచ్చింది సాము గుంటనా, బావినా?"

కుండల చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద ఉన్నవాళ్లు అక్కడే నిలబడిపోయారు. మాసమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు, నవ్వుతూనే ఉంది. నేను మామ మొహం చూడలేకపోయాను. ఆయనకు అబద్ధం చేతకాదని చెప్పాను కదా.

మామ కర్ర ఊని లేచాడు. చెంబులోని నీళ్లు తాగాడు, చివరి చుక్క దాకా. చెంబు మాసమ్మకు ఇచ్చాడు.

"బావి" అన్నాడు.

"అంటే మీరే..."

"నేనే జాగ చూసిన. నేనే గీసిచ్చిన. బండ తగుల్తది, ఆగొద్దని కూడ చెప్పిన."

"మరి మీరు పొద్దుగాల సాము చేస్తుంటిరని..."

"బావి తవ్వినంత సేపు ఊకె కూసోవాల్నా? ఏదో ఒకటి చేస్తుంటి."

హుస్సేన్ పకపకా నవ్వాడు. పట్వారి "సరే, దొరకు గట్లనే చెప్త" అని వెళ్లిపోయాడు. కుండలు మళ్లీ మోగాయి.

నిజం చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో గర్వం రాలేదు. కోపం వచ్చింది. ఎవరి నీళ్ల కోసమో నా బిడ్డను వదిలేశాడనిపించింది. నమ్మకం లేదన్నవాణ్ని, అట్లా అనిపించింది. "మరి మాధవి?" అన్నాను.

"తెల్వదు అల్లుడూ" అన్నాడు. పెద్దగా ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. వాడ జనం నీళ్లు చూసిన సంతోషం అనుకున్నారు.

పొద్దు గూట్లో పడుతుండగా మాసమ్మ కొంగు చాటున మట్టి ప్రమిద పట్టుకుని మెట్లు దిగింది. నైరుతి మూలకు పోయింది. అక్కడ పేర్చిన రాళ్ల వెనక, తవ్వకుండా వదిలేసిన కొంచెం నేల మీద, చిన్న గద్దె. ఏడు మెట్లు. ఒక్కో మెట్టుకూ పసుపు, కుంకుమ. పై మెట్టు మీద ప్రమిద పెట్టి, మొక్కి వచ్చింది.

"అదేందమ్మా?" అన్నాడు మామ.

"ఏడుగురు అక్క దేవతలు సారూ. నీవు కట్టిందే కద. నీవు ఉరికిన నాడు ఆ దీపం ఎలుగుతుండె. ఇంటికాడ ఏం కష్టమొచ్చి ఉరికిండో, ఆరిపోతె సారుకు మంచిది కాదని నేనే ఆముదం పోసిన. గప్పటిసంది ఆరనియ్యలే. నేను పనికి పరదేశం పోయిన్నాడు మా అత్త పెట్టె. అత్త పోయినంక నా బిడ్డ పెడ్తది."

ఆరలేదు ఆ దీపం. ఒక్కనాడు కూడా ఆరలేదు. మరి నా పిల్లలిద్దరూ దేనికి పోయారు? దీపానికి కాదు. ఆయన తప్పుకూ కాదు. దేనికో తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఆ మాట నన్ను కుంగదీసింది. మామను మాత్రం, నాకు కనిపించినంతలో, నిలబెట్టింది. పన్నెండేళ్ల బరువు కదా.

ఆయన పెట్టె తెరిచి కంచు సెమ్మె, నూనె సీసా తీశాడు. కుడికాలు ముందు పెట్టి మెట్లు దిగాడు. నేల తాకి నుదుటికి పెట్టుకున్నాడు. సెమ్మెను రెండు చేతులా ఎత్తి మాసమ్మ చేతుల్లో పెట్టాడు. ఆవిడ అక్కలకు కానుక అనుకుని కళ్లకద్దుకుంది. వాళ్ల మలబారులో దాని అర్థం ఏమిటో హుస్సేన్‌కు తెలుసు.

"ఉస్తాద్, గిన్నేండ్లు కొట్లాడి నేర్చుకున్న మాకియ్యకపోతివి" అన్నాడు, సగం వేళాకోళంగా.

"ఆరకుండ ఉంచింది ఆమె" అన్నాడు మామ.

పిడి వేయించిన పార కూడా వాళ్లకే ఇచ్చేశాం. పూడిక తీయడానికి పనికొస్తుందన్నారు.

ఇల్లు

తిరుగు ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు. నాకు గుర్తున్నది నిద్రే. కర్నూలులో దిగి ఇంటికి వస్తే మాధవి అరుగు మీద కూర్చుని చింతచిగురు దూస్తోంది. లేవబోతే మామ వద్దని సైగ చేశాడు.

"ఆర్పి వచ్చినావా నాయినా?"

"లేదు బిడ్డా. దాంట్ల నీళ్లు పడినయి. మూయలే."

మాధవి కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఉప్పునీళ్లా, మంచినీళ్లా?"

"మంచినీళ్లు. తియ్యగున్నయి."

"ఇంకేం మరి" అని చింతచిగురు చాట దగ్గరికి జరుపుకుంది.

నర్సప్ప ఇచ్చిన చీర మడత విప్పాం. ఎప్పుడు విప్పాలో అప్పుడే విప్పాం. మాధవి దాన్ని కట్టుకోలేదు, మంచం మీద పరిచింది, పిల్ల కింద. ఆడపిల్ల. ఆ ఎర్ర అంచు ఇప్పటికి ఎన్నిసార్లు తడిసి ఆరిందో చెప్పలేను.

బడలిక తీరలేదని మొదట రాశాను కదా. ప్రయాణం బడలిక వారంలోనే పోయింది. ఇది వేరు. దీనికి పగలూ రాత్రీ తేడా లేదు, ఏడుపు మొదలుపెడితే వీధి చివరి దాకా వినిపిస్తుంది. నేను ఎత్తుకుని తిప్పుతూ ఉంటే మామ గుమ్మంలో నిలబడి "గొంతు మంచిగున్నది" అంటాడు, ఏడుపు ఆపనివ్వడు. హెడ్మాస్టరు గారు ఎందుకయ్యా ఆ ఆవలింతలు అంటే పాలమూరు ఎండ దెబ్బ అని చెబుతున్నాను. దిష్టి తగులుతుందని భయం. మీకు చెప్పేశాను, పైకి అనకండి.